ప్రభువు పాదాల చెంత ఆడపిల్లకూ చోటుంది



ముంగారు వానలు మొహం చాటేసిన ఏడు మన సీమలో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎర్రనేలలో వేసిన చెనక్కాయ పూత దశలో చినుకు లేక వాడిపోతుంది. బోరు ఎండిపోతుంది. మొదట ఎద్దులను సంతకు తోలుతాము. తరువాత మేకలు, గొర్రెలు పోతాయి. అమ్మ చెవికమ్మలు తాకట్టుకు పోతాయి. ఆ తరువాత పోయేది ఏమిటి? పాప చదువు. 'ఈ ఏటికి మానిపించినాము ఫాదర్, వానలు పడితే మళ్లా పంపుతాము' అంటారు తల్లిదండ్రులు. వారు అబద్ధం చెప్పడం లేదు. కాని అమ్మిన ఎద్దులను మళ్లా కొనవచ్చు, తాకట్టు పెట్టిన కమ్మలను విడిపించుకోవచ్చు. తొమ్మిదో తరగతిలో బడి మానిన పాప మళ్లా బడి గడప తొక్కడం బహు అరుదు. మరుసటి ఏడు వాన వచ్చేనాటికి ఆమె బెంగళూరులో ఇసుక తట్ట మోస్తూనో, మెడలో తాళితోనో కనబడుతుంది.

అందుకే ఈ వారం ఆడపిల్లల కతోలిక ఉన్నత పాఠశాలను గురించి మీతో మాట్లాడదలచాను. అది మన బిడ్డలకు ఏమి ఇస్తుంది? దానిని ఈ కరువు నేలలో మనం ఎందుకు కాపాడుకోవాలి?

లూకా సువిశేషం 10వ అధ్యాయం తెరవండి. మార్త, మరియ అనే అక్కచెల్లెళ్ల ఇంటికి యేసు ప్రభువు వచ్చారు. మార్త వంటపనిలో సతమతమవుతున్నది. మరియ ప్రభువు పాదాల చెంత కూర్చుని ఆయన బోధ వింటున్నది. మనం దీనిని భక్తికి గుర్తుగా మాత్రమే చదువుతాము. అయితే ఆనాటి యూదుల వాడుకలో గురువు పాదాల చెంత కూర్చోవడమంటే ఆయన వద్ద శిష్యరికం చేయడం, చదువుకోవడం. పునీత పౌలు తాను గమాలియేలు పాదాల చెంత ధర్మశాస్త్రం నేర్చుకున్నానని చెప్పింది ఈ అర్థంలోనే (అపోస్తలుల కార్యములు 22:3). ఆ చోటు ఆ రోజుల్లో మగవారికి కేటాయించినది. ఆ చోట ఒక ఆడబిడ్డ వచ్చి కూర్చున్నది. ఇంట్లో పని మిగిలిపోయిందనీ, ఆమెను లేపి పంపమనీ అక్క అడిగింది. ప్రభువు లేపలేదు. ఆమెకు దక్కిన భాగాన్ని ఎవరూ లాగుకోరాదని తీర్పు చెప్పారు.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాము. 'తమ్ముణ్ణి ఎత్తుకునే వాళ్లు లేరు', 'నేను కూలికి పోతే సంగటి గెలికే వాళ్లు లేరు', 'గొర్రెల వెంట పోవాలి' అని మనం చదువు ముందు కూర్చున్న బిడ్డను లేపుతున్నాము. మార్త కూడా చెడ్డది కాదు, పని భారం ఆమె చేత అలా అనిపించింది. కరువు మన చేత అలాగే అనిపిస్తుంది. కాని ప్రభువు తీర్పు మారలేదు.

మన తెలుగు శ్రీసభ ఈ తీర్పును ఎలా అర్థం చేసుకున్నదో చరిత్ర చెబుతుంది. 18వ శతాబ్దం ఆరంభంలో ఫ్రెంచి యేసు సభ గురువులు పుంగనూరు, బుక్కపట్నం, కృష్ణాపురం వంటి చోట్ల సువార్త బోధించారు. ఈ ప్రాంతంలో విశ్వాసం స్వీకరించిన కుటుంబాలలో అనేకులు కరువులకు, కలహాలకు తాళలేక వలస పోయారు. కొందరు గుంటూరు సీమ చేరారు, కొందరు ఇప్పటి తమిళనాడులోని కీలచ్చేరి చేరారు. వలస అన్నది మనకు నిన్నటిది కాదు.

అలా స్థిరపడిన తెలుగు కతోలికుల నడుమ, 1822లో ఫిరంగిపురంలో జ్ఞానమ్మ అనే ఆడబిడ్డ పుట్టింది. కీలచ్చేరికి కోడలుగా వెళ్లింది. బిడ్డల తల్లి అయింది. భర్త పోయి విధవరాలైంది. ఆ రోజుల్లో విధవరాలంటే మూల కూర్చోవలసిందే. ఆ తల్లి కూర్చోలేదు. 1863లో కీలచ్చేరిలో ఆడపిల్లల కోసం బడి తెరిచింది. ఆమె నాటిన విత్తనం నుండే మద్రాసు, ఫిరంగిపురం సెయింట్ ఆన్స్ కన్యకల సభలు మొలిచాయి. 1874లో పరమపదించిన ఆ తల్లిని నేడు శ్రీసభ దైవసేవకురాలిగా గౌరవిస్తున్నది. ఆడపిల్లల బడి తెల్లదొరలు తెచ్చి మన నెత్తిన పెట్టిన ఆచారమని ఎవరైనా అంటే, మన ఇంటి తల్లి పేరు వారికి చెప్పండి. ఆమె తరువాత 1871లో ఇటలీ నుండి సికిందరాబాదుకు సెయింట్ ఆన్స్ కన్యకలు, 1904లో హాలెండు నుండి గుంటూరుకు జె.ఎం.జె. సిస్టర్లు వచ్చి ఆ పనినే మరింత విస్తరింపజేశారు.

ఆ బడులలో ఒరిగేది ఏమిటని మీరు అడగవచ్చు. సూటిగా చెబుతాను.

మొదటిది, బిడ్డ గండం గడిచి పదో తరగతి దాటుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల వరకే ఉచిత నిర్బంధ విద్యను హామీ ఇస్తుంది. అంటే ఎనిమిదో తరగతితో ఆ రక్షణ ముగుస్తుంది. ఊళ్లో చిన్న బడి ఉంటుంది, ఉన్నత పాఠశాల మండల కేంద్రంలో ఉంటుంది. బస్సు వస్తుందో రాదో తెలియదు. వయసుకు వచ్చిన పిల్లను అంత దూరం పంపడానికి తల్లి గుండె ఒప్పుకోదు. సరిగ్గా అక్కడే చదువు తెగుతుంది. కన్యకల బడిలో ప్రహరీగోడ ఉంటుంది, టీచరమ్మలు ఉంటారు, నీళ్లున్న మరుగుదొడ్డి ఉంటుంది, హాస్టలు ఉన్నచోట రాత్రి కాపలా ఉంటుంది. ఇవి చిన్న విషయాలని మగవాళ్లమైన మనకు అనిపించవచ్చు. నెలకు నాలుగు రోజులు బడి మానవలసి వచ్చే ఆడపిల్లకు ఇవి చిన్నవి కావు.

రెండవది, ఆ బడి బిడ్డకు నోరిస్తుంది. మగపిల్లలు కలిసిన తరగతిలో జవాబు తెలిసి కూడా తల వంచుకుని కూర్చునే పిల్లలను మీరు చూసే ఉంటారు. ఆడపిల్లల బడిలో గంట కొట్టేది ఆడపిల్లే, తరగతి లీడరు ఆడపిల్లే, ప్రయోగశాలలో పరికరం పట్టేది ఆడపిల్లే, మైకు ముందు నిలబడి మాట్లాడేది, దివ్యబలిపూజలో పఠనం చదివేది ఆడపిల్లే. తనవల్ల కాని పని ఏదో తెలియకముందే అన్ని పనులూ చేసేస్తుంది. అయిదేళ్లు అలా పెరిగిన బిడ్డ రేపు బ్యాంకులో, ఆసుపత్రిలో, పంచాయతీ ఆఫీసులో నోరు విప్పి తనకు రావలసినది అడుగుతుంది. కలిసి చదివే బడి చెడ్డదని నేను అనడం లేదు. మన పల్లెల్లో ఇప్పుడున్న కట్టుబాట్ల నడుమ ఆడపిల్ల బెరుకు పోవడానికి ఈ బడి మేలని అంటున్నాను.

మూడవది, బాల్యవివాహానికి అడ్డుకట్ట. 2006 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరం. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లి అయినట్లు తేలింది. పదో తరగతి సర్టిఫికెట్టులో బిడ్డ పుట్టిన తేదీ అచ్చయి ఉంటుంది. ఆ ఒక్క కాగితం ముందు 'మా పాపకు పద్దెనిమిది నిండినాయి' అన్న మాట చెల్లదు. ఆ సర్టిఫికెట్టుతోనే ఇంటరు, పాలిటెక్నిక్, పది మార్కుల మీద సీటు ఇచ్చే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ దారులు కూడా తెరుచుకుంటాయి.

నాలుగవది, విశ్వాసం. తిమోతి విశ్వాసం అవ్వ లోయి నుండి, తల్లి యూనికె నుండి వచ్చిందని పునీత పౌలు గుర్తు చేశారు (2 తిమోతి 1:5). మన ఇళ్లలోనూ జపమాల పట్టించేది తల్లే. ఆ తల్లికి బైబులు చదవడం రాకపోతే బిడ్డకు ఏమి అందుతుంది? ఇక ఇలాంటి బడి నుండి ఎవరు బయటికి వస్తారో చూడండి. కలకత్తాలోని పునీత మదర్ తెరెసా 1948 వరకు ఎంటల్లీలోని సెయింట్ మేరీస్ ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పారు, 1944లో దాని ప్రధానోపాధ్యాయురాలయ్యారు. పేదల సేవకు ఆమె ఒంటరిగా బయలుదేరినప్పుడు, 1949లో మొదట వెంట వచ్చి చేరినది ఆ బడి పూర్వ విద్యార్థినే.

అయితే మీ మనసులోని మాటలు నాకు తెలుసు. 'ఎక్కువ చదివిస్తే అంతకు మించి చదివిన అల్లుణ్ణి తేవాలి, కట్నం పెరుగుతుంది ఫాదర్' అంటారు. సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు మొదట నేర్పిన పాఠాలలో ఒకటి ఇది: వస్తువు సాధనం, వ్యక్తి గమ్యం. పలుగును పని కోసం వాడుకుంటాము. మనిషిని అలా లెక్కవేయరాదు. భూమి మీద దేవుడు ఆ ప్రాణి కొరకే కోరి సృష్టించినది మానవుని మాత్రమేనని రెండవ వాటికన్ మహాసభ 1965లో బోధించింది. కూతురి చదువును కట్నంతో తూచే తండ్రి తెలియకుండానే ఆమెను సరుకుల పక్కన నిలబెడుతున్నాడు. కట్నం అడగడం, ఇవ్వడం రెండూ 1961 నుండి చట్టం ముందు నేరాలు. దేవుని ముందు అవి ఎన్నడూ ధర్మం కాలేదు. నేరాన్ని మానుకోవాలి గాని, దానికి భయపడి బిడ్డ చదువును మానిపించరాదు.

'కాన్వెంటు అంటే ఫీజులు కట్టగలిగినవాళ్లకే కదా' అని మరికొందరు అంటారు. ఈ మాటలో నిజం ఉన్నచోట మనం తల వంచుకోవాలి. క్రైస్తవ విద్యను గూర్చి అదే మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన ప్రకటన, బిడ్డలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని చెబుతూనే, కతోలిక బడి పేదల పట్ల ప్రత్యేక శ్రద్ధ చూపాలని కోరింది. కరువు పల్లెల ఆడబిడ్డకు చోటు లేని బడి ఎంత పెద్ద భవనంలో ఉన్నా, జ్ఞానమ్మ తల్లి బడికి వారసురాలు కాజాలదు. మన సిస్టర్లు ఈ మాటను ఒక అన్న మాటగా స్వీకరించెదరుగాక.

2022లో మన జిల్లా రెండుగా విడిపోయింది, కరువు మాత్రం రెంటికీ ఒకటే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేల మీద, 2011 జనాభా లెక్కల్లో మగవారిలో నూటికి 73 మంది అక్షరాస్యులుంటే, ఆడవారిలో 54 మందే ఉన్నారు. వానను మనం కురిపించలేము. ఈ రెండు అంకెల నడుమ ఉన్న గుంతను మాత్రం పూడ్చగలము. అందుకు మిమ్మల్ని మూడు కోరికలు కోరుతున్నాను.

తల్లిదండ్రులారా, వలస బస్సు ఎక్కే ముందు ఒక్కసారి మీ విచారణ గురువు దగ్గరకో, సిస్టర్ల దగ్గరకో రండి. పాపను హాస్టల్లో ఉంచే దారి వెతుకుదాము. కన్యకల బడి దగ్గరలో లేకపోతే, ఆడపిల్లల కోసం 2004 నుండి ప్రభుత్వం నడుపుతున్న కస్తూర్బా గాంధీ విద్యాలయంలోనైనా చేర్పిద్దాము. బిడ్డ బడిలో ఉండడం ముఖ్యం.

విచారణ పెద్దలారా, పంట కానుకలలో ఒక భాగాన్ని ఆడపిల్లల చదువుకని విడిగా దాయండి. పండిన ఏడు దాచినది ఎండిన ఏడు అక్కరకు వస్తుంది. ఏ ఇంటి బిడ్డ బడి మానిందో మొదట తెలిసేది ఉపదేశికే. ఆదివారం వరకు ఆగకుండా వచ్చి చెప్పండి.

అన్నదమ్ములారా, మీ అక్కచెల్లెళ్లు చదువుకునే గంటసేపు బిందె మీరు పట్టండి. నీళ్లు మోసినందువల్ల మగతనం తరగదు.

ఏలియా ప్రవక్త కాలంలో దేశమంతా కరువు. సరెఫతు విధవరాలి ఇంట మిగిలినది పిడికెడు పిండి, కొంచెం నూనె. ఆమె చివరి పిడికెడును ప్రభువు మాట మీద నమ్మకంతో ఇచ్చింది. కరువు తీరేవరకు ఆ కుండ ఖాళీ కాలేదు (1 రాజులు 17). మీ చేతిలో ఈ ఏడు మిగిలిన పిడికెడును మీ పాప చదువు కోసం ఖర్చు పెట్టండి. అది వృథా పోదు. ప్రభువు పాదాల చెంత కూర్చున్న బిడ్డను లేపకండి.

మరియతల్లి మీ ఆడబిడ్డలందరినీ తన కొంగు నీడలో కాపాడునుగాక. సర్వశక్తిగల దేవుడు మీ ఇళ్లను, మీ చేలను దీవించునుగాక. ఆమెన్.