తెలిసి అమ్మవచ్చా?

మా మిక్సీలో లోపం ఉందని, మోటారు వేడెక్కి మంటలు రావచ్చని కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. "వాడకండి, మా మనిషి వచ్చి ఉచితంగా బాగుచేస్తాడు" అన్నారు. మూడు నెలలైంది, ఎవరూ రాలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చే వారం" అంటారు. అమ్మ రోట్లోనే పచ్చడి నూరుతోంది.

ఇంతలో పక్క వీధి అత్త, పాత మిక్సీ ఉంటే కొంటానని అడిగింది. "నడుస్తోంది కదా, ఇచ్చేద్దాం. మన డబ్బు మనకు రావాలి" అన్నాడు నాయన. నష్టపోయింది మేమే కాబట్టి నాకూ మొదట న్యాయంగానే తోచింది. అప్పుడు అవ్వ అడిగింది: "రేపు వాళ్లింట్లో మంటలొస్తే, కంపెనీ పేరు చెప్పి తప్పించుకుంటారా?"

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోమని ప్రభుత్వ సంస్థ ఆదేశించవచ్చు. మనం 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. మేము చేశాం. కంపెనీ చేసిన తప్పుకు అడగడానికి చట్టం ఉంది. కానీ తెలిసిన ప్రమాదాన్ని దాచి అమ్మితే ఆ తప్పు మనదే అవుతుంది. మనకు జరిగిన అన్యాయాన్ని ఇంకొకరికి అంటగడితే అది తీరిపోదు, చేతులు మారుతుంది, అంతే.

అత్తకు ఎందుకు ఇవ్వలేదో నాయనే వెళ్లి చెప్పాడు. మిక్సీ ఇంకా అటక మీదే ఉంది. "వాడకూడదు" అని కాగితం రాసి నేనే అంటించాను.