గుమస్తాగారి యాభై రూపాయలు

మండపేటలో ఒక ఫ్యామిలీ రెస్టారెంటు ఉండేది. ఓనరు మేనల్లుడు మాంట్రియల్ నుంచి సెలవులకొచ్చి, "మావయ్యా, అక్కడ పూటీన్ అని ఒకటి తింటారు. 1950లలో క్యూబెక్ పల్లెల్లో పుట్టింది. వేయించిన బంగాళాదుంప ముక్కల మీద తాజా చీజ్ చల్లి, పైన వేడివేడి గ్రేవీ పోస్తారు. మనమూ పెడదాం. ప్లేటు 150. అందులో 50 రూపాయలు ఆసుపత్రిలో రోగులకి తోడుగా ఉండేవాళ్ళ రాత్రి భోజనానికిద్దాం" అన్నాడు.

పళ్ళకింద కిచకిచలాడే ఆ చీజ్ ఇక్కడ దొరక్క, వంటమాస్టరు పనీరు వేశాడు. కోడి ఎముకలు మరిగించి గ్రేవీ చేసి, చెయ్యి ఊరుకోక మిరియాలు దట్టించాడు. ఆదివారం జనం విరగబడ్డారు. పుణ్యానికి పుణ్యం, రుచికి రుచి అనుకుంటూ ఫోటోలు తీసుకుని మరీ తిన్నారు.

మూల బల్ల దగ్గర రైసు మిల్లు గుమస్తాగారొకరు, గ్రేవీలో నాని మెత్తబడ్డ ముక్కని పైకెత్తి చూసి, "కరకరలాడేలా వేయించి మళ్ళీ నానబెట్టడమేంటండీ బాబూ!" అన్నారు. అయినా ప్లేటు ఖాళీ చేసే లేచారు.

మూడు వారాలకి జనానికి మోజు తీరింది. ఓనరు పూటీన్ తీసేశాడు. ఆసుపత్రికి వెళ్ళే క్యారేజీలూ ఆగాయి.

ఆ ఆదివారం గుమస్తాగారు పెసరట్టు ఉప్మా తిని, బిల్లుతోపాటు మరో 50 గల్లా మీద పెట్టారు.

"ఇదేంటండీ?"

"ఆసుపత్రి భోజనానికండి."

"పూటీన్ తీసేశామండి."

"మంచి పని చేశారు. ఆసుపత్రిలో వాళ్ళ ఆకలి కూడా తీసేశారేంటి?"

"మీకది నచ్చనేలేదు కదండీ!"

"నచ్చకపోవడం నాకండి. ఆకలి వాళ్ళది."

ఓనరు మారుమాట్లాడలేదు. ఆ రాత్రే మళ్ళీ క్యారేజీలు సర్దించాడు. ఇక ప్లేట్ల లెక్క చూడలేదు.

నీతి: మోజు మీద చేసిన దానం మోజున్నన్నాళ్ళే. కొత్త వంటకం జనాన్ని గుమ్మందాకా తేగలదు, అదీ మంచిదే. కానీ రేపూ ఎల్లుండీ పెట్టించేది అవతలివాళ్ళ అవసరం ఒక్కటే. మండపేటకిది తెలియని సంగతి కాదు. ఈ ఊళ్ళోనే అనుపిండి భవానీశంకరంగారు వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టి బువ్వన్నగా పేరుపడ్డారు. 1841లో పుట్టిన ఆయన కూతురు డొక్కా సీతమ్మగారు, అత్తవారి ఊరు లంకల గన్నవరంలో, గోదావరి దాటి వచ్చే బాటసారులకి వేళాపాళా చూడకుండా 1909లో కన్నుమూసేదాకా వండి వడ్డించారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకపు వేడుకకి పిలుపొచ్చినా ఆ వంటిల్లు వదిలి వెళ్ళలేదంటారు. పెట్టేముందు అడగాల్సింది మన నాలుకని కాదు, ఎదుటివాడి కడుపుని.