వేంగికి వచ్చిన యతి – తావో మత మూలపురుషుడు

ఏలూరునకు ఉత్తరముగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున పెదవేగి యను గ్రామము కలదు. ద్వారకా తిరుమల యాత్రికులలో దానిని చూచువారు తక్కువ. ఒకప్పుడిది వేంగీపురము, శాలంకాయన ప్రభువుల రాజధాని. కొల్లేటి ప్రాంతమున దొరకిన తామ్రశాసనమున విజయనందివర్మ మహారాజు తాను పరమభాగవతుడననియు, తండ్రి పాదములకు భక్తుడననియు చెప్పుకొనెను. పూర్వులను స్మరించుట మనకు అనాదిసిద్ధము. చీనా దేశమునను ఇదియే ఆచారము.

క్రీ.శ. 639 ప్రాంతమున ఆ దేశపు బౌద్ధయతి హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చి, రాజధాని పేరు ‘పింగ్‌కిలో’ అని వ్రాసెను. అది వేంగీపురమే యని పెక్కురు పండితుల నిర్ణయము. ఇచ్చటి భాష మధ్యదేశపు భాషకంటె వేరైనను, లిపి దాదాపు ఒక్కటే యనియు అతడు గుర్తించెను. మాటల విషయమున అంతటి జాగరూకుడు! ఆ జాగరూకతయే తరువాత నొక వివాదమునకు కారణమయ్యెను.

645లో అతడు స్వదేశము చేరెను. అప్పటి టాంగ్ చక్రవర్తుల ఇంటిపేరు ‘లీ’. తావో మత మూలపురుషుడైన లావోత్సే ఇంటిపేరును అదియే యగుటచే, వారాయనను తమ వంశకర్తగా పూజించిరి. ఆయన చరిత్ర పురాణప్రాయము. రాజ్యము క్షీణించుట చూచి పడమరగా వెడలిపోవుచుండగా, కనుమ కావలి అధికారి ప్రార్థనపై ఐదువేల పైచిలుకు అక్షరముల గ్రంథమును రచించి యిచ్చి, మరల ఎవ్వరికిని కానరాకపోయెనట. తిరుక్కోట్టియూరు నంబి వద్దకు రామానుజులు పదునెనిమిది మారులు తిరిగిన కథ నెరిగినవారికి ఇది వింత గాదు. అడుగువాడుండిననే ఆచార్యుని నోట రహస్యము వెలువడును. పిమ్మట చువాంగ్‌త్సే ఆ తత్త్వమును కథలతో విస్తరించెను. క్రీ.శ. 142లో చాంగ్ తావోలింగ్‌కు లావోత్సే సాక్షాత్కరించెనని ఆ మతస్థుల విశ్వాసము.

647లో కామరూపాధిపతి లావోత్సే గ్రంథమును కోరుచున్నాడని దూతలు విన్నవింపగా, దానిని సంస్కృతీకరింపుమని చక్రవర్తి యతిని ఆజ్ఞాపించెను. ‘తావో’కు సంస్కృతమేది? తావో పండితులు ‘బోధి’ యనిరి. యతి ‘మార్గము’ అని పట్టుపట్టెను. బోధి యనగా జ్ఞానోదయము. తావో యనగా త్రోవ. శబ్దార్థమున యతిదే న్యాయము. కాని లావోత్సే మతమున తావో త్రోవ మాత్రమే కాదు; సర్వమునకు తల్లి, సర్వమును తిరిగి చేరు చోటు. మార్గ శబ్దమున నడక కలదు, గమ్యము లేదు. ఉపాయమును ఉపేయమును భగవానుడే యని నమ్మిన శ్రీవైష్ణవుడు ఆ సభలో నుండినచో ఈ లోటును వెంటనే పట్టియుండెడివాడు. అంతమాత్రమున రెండు తత్త్వములు ఒక్కటే యనరాదు. శ్రియఃపతి పిలిచిన పలుకు దయామూర్తి. తావో పేరున కందని తత్త్వము.

గ్రంథమునకు ప్రాచీన వ్యాఖ్యాత పీఠికను కూడ అనువదింపుమని వారు కోరిరి. పండ్లు కొరుకుట, లాలాజలము మ్రింగుట వంటి సాధనల ప్రస్తావన విదేశీయులకు నవ్వు తెప్పించునని యతి నిరాకరించెను. ఇది కొంత కాఠిన్యమే. ప్రాణాయామ విధులను ఎరుగనివాడు చదివినను నవ్వును గదా!

ఆ సంస్కృత ప్రతి నేడెచ్చటను దొరకుట లేదు. వాదము మాత్రము బౌద్ధులు వ్రాసిన చీనా గ్రంథమున నిలిచినది. అది ఒక పక్షమువారి వ్రాత.