ఆఖరి బస్సు

సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో పనిచేసే కుర్రాళ్లు కోరుట్లలో కబడ్డీ టోర్నమెంటు గెలిచారు. రాత్రి జగిత్యాల బస్టాండులో ఆఖరి బస్సెక్కారు. బస్సు కదులుతుంటే రాజు లేచి తలలు లెక్కపెట్టాడు. ఇద్దరు లేరు.

"పొద్దుగాల వస్తరు తీయ్," అన్నాడు మల్లేశ్. ఫైనల్లో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చినవాడు అతనే.

"వాళ్ల దగ్గర పైసల్లేవురా," అంటూ రాజు దిగిపోయాడు. తెల్లారి ముగ్గురూ కలిసే సిరిసిల్ల చేరారు.

వారం తర్వాత కోచ్ సారు రాజును కెప్టెన్ చేశాడు. మల్లేశ్ మొహం చిన్నబోయింది.

"నేనేం తక్కువ ఆడిన సార్?"

"తక్కువ ఆడలే బిడ్డా. కూసో, ఒక ముచ్చట చెప్త. అమెరికాల ఆల్ బ్లోజిస్ అని ఒకాయన. ఆరున్నర అడుగుల మనిషి. ఇనుప గుండు విసురుట్ల పేరు తెచ్చుకొని, 1942ల న్యూయార్క్ జెయింట్స్ ఫుట్‌బాల్ జట్టుల చేరిండు. వాళ్ల ఫుట్‌బాల్‌ల కూడ పట్టుడు, పడగొట్టుడే. అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నది. ఇంత పొడుగోడు మాకొద్దన్నది సైన్యం. వెంటపడి ఒప్పించి చేరిండు. 1944 డిసెంబర్ల సెలవు మీదొచ్చి ఫైనల్ ఆడిండు. ఓడిపోయిన్రు. ఆరు వారాలకు, 1945 జనవరి 31న, ఫ్రాన్సుల వోజ్ కొండల్ల ఆయన మనుషులిద్దరు గస్తీకి పోయి తిరిగి రాలే. లెఫ్టినెంటు ఆయన, ఇంకొకర్ని పంపినా ఎవరేమనకపోదురు. తానే ఒక్కడు వెతుక్కుంట పోయిండు. మళ్ల రాలే. అప్పటికి ఆయనకు ఇరవయ్యారేండ్లు. ఆయన వేసుకున్న 32 నంబరును ఇంకెవరికీ ఇయ్యకుండ జెయింట్స్ శాశ్వతంగ పక్కకు పెట్టిన్రు."

మల్లేశ్ తలెత్తలేదు.

"కబడ్డీల నువ్వు పాయింటు తెస్తే ఏమైతది? అవుటై బయట కూసున్న మనోడు లేచి లోపటికొస్తడు. ఆట మొత్తం నువ్వు చేసింది గదే పని. బస్సుల మర్చిపోయినవు."

నీతి: బలమున్నవాడు వెనకబడ్డవాడి కోసం తిరిగి వెళ్లాలి. జట్టు అతన్ని నమ్మేది అందుకే.

ఇది మైదానానికే చెల్లే మాట అని నేననుకోను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు వేలమంది. ఒకే గదిలో ఉండే మనిషి ఫోను ఆగిపోతే, కూలి పోయినా సరే, ఆస్పత్రులు, ఠాణాలు, రాయబార కార్యాలయం చుట్టూ తిరిగే దోస్తులు వాళ్లలో ఉన్నారు. వాళ్లు సెలవుకు వచ్చినప్పుడు ఊరు పిలిచి శాలువా కప్పాలి.