దొర్కా చేతిపని

చదువుము: అపొ. కార్య. 9:36–42

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెను; వేలమంది మరణించిరి. ఆ అలలను తలచి ఒకరు మెడశాలువను లేసుగా అల్లినయెడల, అది సంతాపమా, పరుల దుఃఖమును అలంకారముగా ధరించుటయా?

యొప్పేలోని దొర్కాయు సముద్రతీరవాసియే. ఆమె కుట్టిన వస్త్రములు విధవరాండ్ర దుఃఖమును చిత్రింపలేదు. వారి దేహములను కప్పెను. కాబట్టి ఆమె మరణించినప్పుడు వారు వాటిని పేతురుకు చూపుచు ఏడ్చిరి.

మిషనెరీలు నేర్పిన నరసాపురపు లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. అయినను ఇంట వంగి కూర్చుండి అల్లు స్త్రీకి దక్కు కూలి స్వల్పమే. ఎగవేసిన కూలి దేవుని చెవిని చేరునని యాకోబు హెచ్చరించెను (5:4).

అందము పాపము కాదు. అయితే దూరాన బిలాస్‌పూరులోని సిర్గిట్టిలో చలికి అట్టి శాలువ కప్పుకొను తెలుగు సోదరి, ‘ఇది నాకు నప్పెనా?’ అనుటకు ముందు, ‘అల్లిన చేతికి న్యాయమైన కూలి చేరెనా?’ అని అడుగవలెను.