యెష్షయి యింటిలో ఇంటర్వ్యూ



పరీక్షా ఫలితములు వెలువడు దినములలో మన పల్లెలలోని క్రైస్తవ గృహములలో ఒక చింత మొదలగును. పిల్లవాడు ప్యాసయ్యెను, మార్కులు వచ్చినవి. కాని సీటు వచ్చునా? కొన్ని కళాశాలలు మార్కులతో తృప్తిపడక పిల్లలను పిలిపించి, ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నలడుగును. దీనినే ఇంటర్వ్యూ అందుము. సీటు రాక తిరిగి వచ్చిన పిల్లవాడు, "నాన్నా, నాతో నాలుగు మాటలే మాటలాడిరి. నన్నుగూర్చి వారికేమి తెలిసినది?" అని అడిగిన యెడల తండ్రి ఏమి చెప్పగలడు? ఇది న్యాయమును గూర్చిన ప్రశ్న. తీర్పు తీర్చునప్పుడు బీదవాని పక్షముగాని గొప్పవాని పక్షముగాని వహింపకూడదని లేవీయకాండములో దేవుడు తన ప్రజలకు ఆజ్ఞాపించెను గనుక, మనము దీనిని ఆలోచింపక విడువరాదు.

మొదట, ఇంటర్వ్యూ ఎందుకు? వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల మన సంఘములు ఎరిగిన పేరే. డాక్టరు ఐడా స్కడ్డరు అమ్మగారు 1918లో స్త్రీలకు వైద్య పాఠశాలగా దానిని ప్రారంభించిరి. 1947 నుండి పురుషులను కూడ చేర్చుకొనిరి. చాల కాలము ఆ కళాశాల వ్రాతపరీక్షలో నెగ్గినవారిని వేలూరుకు రప్పించి, వారితో మాటలాడి, వారిచేత కలిసి పనులు చేయించి, వారి నడవడి చూచి ఎంచుకొనెడిది. ఏలయనగా, సంఘముల సిఫారసు మీద చేరిన విద్యార్థులు చదువు ముగిసిన పిమ్మట మిషను ఆసుపత్రులలో కొంతకాలము సేవ చేయవలెనను ఒడంబడిక యుండెను. అర్ధరాత్రి తలుపు తట్టిన బీద స్త్రీ కొరకు ఈ యువకుడు లేచి వచ్చునా? తోటి వానితో కలిసి పనిచేయగలడా? ఈ ప్రశ్నలకు మార్కుల కాగితము జవాబు చెప్పదు. కాబట్టి ఇంటర్వ్యూ చెడ్డదని ఒక్క మాటతో త్రోసివేయుట న్యాయము కాదు.

అయితే రెండవ ప్రక్కను కూడ చూడుడి. 1979లో శ్రీనగరులోని రీజనల్ ఇంజనీరింగు కళాశాల ప్రవేశములకు వ్రాతపరీక్షకు 100 మార్కులు, ముఖాముఖి పరీక్షకు 50 మార్కులు ఉంచిరి. సీటు దొరకని విద్యార్థులు సుప్రీం కోర్టుకు వెళ్లిరి. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషములే చూచిరనియు, తండ్రి ఎవరు, ఊరు ఏది అను ప్రశ్నలే అడిగిరనియు వారు చెప్పుకొనిరి. కళాశాలవారు కావలెనని మోసము చేసిరని కోర్టు తేల్చలేదు. ముఖాముఖి పరీక్ష తనంతట తానే చెడ్డదనియు చెప్పలేదు. కాని రెండు మూడు నిమిషములలో మనుష్యుని ఎరుగుట సాధ్యము కాదనియు, అట్టి పరీక్షకు మొత్తములో నూటికి 15 మార్కులకంటె ఎక్కువ ఇచ్చుట న్యాయము కాదనియు తీర్పు చెప్పెను. ఇంటర్వ్యూలో జరిగిన సంభాషణను టేపురికార్డు చేయుట మంచిదని కూడ సలహా చెప్పెను.

ఇందులో మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఎవరును దుష్టుడు కాకయే అన్యాయము జరుగవచ్చును. పెద్ద మనుష్యులు నలుగురు మంచి మనస్సుతోనే కూర్చుందురు. చక్కని ఇంగ్లీషు మాటలాడు పిల్లవాడు లోపలికి వచ్చును. వాని బట్టలు, వాని నిలుకడ వారికి తమ యింటి పిల్లలను జ్ఞాపకము చేయును. తరువాత పల్లెటూరి పాస్టరుగారి కుమార్తె వచ్చును. ఆమెకు కుర్చీలో కూర్చుండవలెనో నిలువవలెనో తెలియదు, గొంతు వణకును. మొదటివాడు తెలివిగలవాడని తోచును, ఈమె మందమతియని తోచును. బంగారపు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి చోటు చూపి, మాసిన బట్టల బీదవానిని నిలువుమనుటను గూర్చి యాకోబు వ్రాసినది ఆరాధన మందిరమునకు మాత్రమేనా? ఆ గదికి కూడ చెందును గదా.

వ్రాతపరీక్ష మాత్రము నిష్కళంకమైనదా? ట్యూషనుకు డబ్బు కట్టగలవాడు ఒకడు, కూలికి పోయి వచ్చి దీపము ముందర చదువువాడు మరియొకడు. అయినను వ్రాతపరీక్ష ఒక మేలు చేయును: దిద్దువానికి ముఖము కనబడదు, కులము కనబడదు, తండ్రి పేరు కనబడదు. ఈ రెండు మేలులు ఒకదానితో ఒకటి ఢీకొనగలవు. 2017లో నీట్ పరీక్ష నిబంధనను బట్టి వేలూరు కళాశాల తన పాత పద్ధతిని కొనసాగింపలేక, ఆ సంవత్సరము వైద్య విద్యకు ఉన్న 100 సీట్లలో ఒక్కరిని మాత్రమే చేర్చుకొనెను. తుదకు 2020 ఏప్రిల్ 29న సుప్రీం కోర్టు మైనారిటీ కళాశాలలకు కూడ నీట్ వర్తించునని తీర్పు చెప్పెను. సేవాభావమును వెదకు హక్కును కొందరు కోరిరి. అందరికి ఒకే కొలత యుండవలెనని న్యాయస్థానము చెప్పెను. రెండును తేలికగా త్రోసివేయదగిన మాటలు కావు.

ఇక్కడ మనవారు తరచుగా బేత్లెహేము కథను ఎత్తుదురు. నరులు పైరూపమును చూతురు, దేవుడు హృదయమును చూచును. కాబట్టి మార్కులకంటె ఇంటర్వ్యూయే గొప్పదందురు. అయితే సమూయేలు మొదటి గ్రంథము పదునారవ అధ్యాయమును మరల చదువుడి. ఆ దినమున ముఖాముఖి పరీక్ష చేసినవాడు ఎవడు? సమూయేలే! వాడు ప్రవక్త, లంచము ఎరుగనివాడు, ప్రార్థనాపరుడు. అట్టివాడు ఏలీయాబును చూచి, వాని ఎత్తును రూపమును చూచి, వీడేయని తలంచి పొరబడెను. ఆ కథ ఇంటర్వ్యూ చేయువారిని పొగడుట లేదు; హెచ్చరించుచున్నది. ఎదుట కూర్చున్నంత మాత్రమున హృదయము కనబడదు. మనము చూచునది కూడ పైరూపమే. సమూయేలు పొరబడిన చోట మనము పొరబడమని చెప్పుట గర్వము.

అయినను సమూయేలు ఒక మంచి ప్రశ్న అడిగెను. ఏడుగురు కుమారులు వచ్చి పోయిన తరువాత, ఇక పిల్లలెవరును లేరా యని యెష్షయిని అడిగెను. చిన్నవాడు గొఱ్ఱెల యొద్ద ఉండెను. వానిని పిలువవలెనని తండ్రికే తోచలేదు. వాడు వచ్చువరకు భోజనమునకు కూర్చుండమని ప్రవక్త చెప్పెను. ఎంపిక చేయు ప్రతివాడును అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే: ఈ గదిలోనికి రానివాడు ఎవడు? ఎవడు పిలువబడలేదు?

అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయములో యూదా స్థానమునకు ఒకనిని ఎంచిన విధము చూడుడి. మొదట అర్హత ఏదో అందరి యెదుట స్పష్టముగా చెప్పిరి. ఇద్దరిని నిలువబెట్టిరి. పిమ్మట, హృదయములను ఎరిగినవాడు ప్రభువొక్కడేయని ఒప్పుకొని ప్రార్థించిరి. తరువాత చీట్లు వేసిరి. చీటికి బంధువులు లేరు. చీటి మత్తీయ పేరట వచ్చెను. రెండవవాడైన బర్సబ్బా తక్కువవాడని అక్కడ ఒక్క మాటయు లేదు. సీటు రాని పిల్లలుగల తలిదండ్రులారా, దీనిని మీ పిల్లలకు చెప్పుడి. కమిటీ తీర్పు దేవుని తీర్పు కాదు.

ఇదంతయు పట్నపు కళాశాలల సంగతి, మాకేమి అనుకొందుమా? సంఘ పెద్దలారా, మీరును ఇంటర్వ్యూ చేయుచున్నారు. హాస్టలు సీటుకు, నర్సింగు శిక్షణకు, బైబిలు పాఠశాలకు సిఫారసు ఉత్తరము కావలెనని పిల్లలు మీ గుమ్మము నొద్ద నిలుచుదురు. ఆ ఉత్తరము మీద చేవ్రాలు పెట్టునప్పుడు మీ అల్లుని కుమారుడు ముందుగా జ్ఞాపకమునకు వచ్చునా? చందా సరిగా కట్టలేని విధవరాలి కుమార్తెను పిలువవలెనని తోచునా? పై కోర్టు లేనిచోట మన మనస్సాక్షియే కోర్టు. కాబట్టి అర్హతలను ఆరాధనలో అందరు వినునట్లు చదివించుడి. బంధువు పేరు వచ్చినప్పుడు పెద్ద లేచి వెలుపలికి పోవలెను. చేవ్రాలు పెట్టక మునుపు సమూయేలు ప్రశ్నను ఒకమారు బిగ్గరగా అడుగుడి: ఇక పిల్లలెవరును లేరా? గొఱ్ఱెల యొద్ద నున్న ఆ చిన్నవాడు వచ్చువరకు మనము భోజనమునకు కూర్చుండక యుందుము గాక. ఆమేన్.