పోయిన పక్షి, పోని మొక్క

నరసాపురంలో గోదావరి ఒడ్డున వలంధర రేవు ఉంది. పేరు వింటే ఎవరో పురాణపురుషుడు అనిపిస్తుంది గాని, అది హాలెండువాళ్ళ రేవు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వ్యాపారానికి మన తీరానికొచ్చినప్పటి గుర్తు. ఆ డచ్చివాళ్ళే 1598లో మారిషస్ దీవిలో దిగారు. అక్కడ డోడో అనే పక్షి ఉండేది. పావురాల జాతిదే, పాపం, ఎగరలేదు. మనిషిని చూస్తే పారిపోవాలని కూడా తెలియదు. ఓడలతో పాటు దిగిన పందులూ, ఎలకలూ నేలమీది గుడ్లు తినేశాయి. నూరేళ్ళు తిరక్కుండానే ఆ జాతి అంతరించిపోయింది.

మా కాలవల్లో గుర్రపుడెక్కనీ తెచ్చింది మనుషులే. ఊదారంగు పువ్వు, పై రేకు మీద నెమలికన్నులాంటి పసుపు చుక్క. అది చూసి ముచ్చటపడి దక్షిణ అమెరికా నుంచి దేశదేశాలకూ పట్టుకెళ్ళారు. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాలులో అడుగుపెట్టింది. అదను కుదిరితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నీళ్ళు పారనివ్వదు, చేపకు గాలి అందనివ్వదు, దోమలకైతే పుట్టిల్లే. "పాపిష్టి డెక్క" అని తిట్టని ఇల్లాలుందా మా వైపు?

డోడోకేమో తపాలా బిళ్ళలు, బొమ్మలు, ఏకంగా మారిషస్ రాజచిహ్నంలో చోటు! చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా? అది బతికున్న రోజుల్లో ఆ నావికులు పెట్టిన పేరేమిటో తెలుసా? 'వెగటు పక్షి'. మాంసం రుచిగా లేదట! వాళ్ళ తిట్టుకీ మన తిట్టుకీ ఎంత తేడా ఉందంటారు? అప్పుడది కళ్ళెదుట ఉంది, ఇప్పుడు లేదు, అంతే. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆవిడ దగ్గు వింటేనే విసుక్కుని, పోయాక ఫోటోకి రోజూ దండ మార్చే కోడళ్ళని నేనెరుగుదును. ఆ దండ అబద్ధమని అనను. కాని చనిపోయినవాళ్ళని ప్రేమించడం చాలా సులువు. వాళ్ళు మందు తెమ్మనరు, కాలవకి అడ్డం పడరు.

అలాగని డెక్కని పెంచుకుందామని కాదు. తియ్యాల్సిందే, లేకపోతే శివారు చేలకు నీరందదు. తీయడం వేరు, శపించడం వేరు. మోకాలి లోతు బురదలో దిగి లాగేవాళ్ళు మాటా పలుకూ లేకుండా పని చేసుకుపోతారు. తిట్లన్నీ గట్టుమీద నుంచున్న మనవే. అస్సాంలో ఆ ఎండిన కాడలతో బుట్టలూ, సంచులూ అల్లుతున్నారు. లేసు అల్లే మా నరసాపురం ఆడవాళ్ళ వేళ్ళకి అదో లెక్కా?